బుల్లెట్ మీద వాచీ

మా బుల్లెట్ హ్యాండిల్ మీద ఒక వాచీ ఉంటుంది. రెండు చేతుల మధ్య, ఇత్తడి చిప్పలో, దర్జాగా. బండి ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు దగ్గరికొచ్చి వంగి చూస్తారు. "ఇదేంటి మాస్టారూ, చేతికి పెట్టుకోవాల్సింది బండికి పెట్టారు?" అని అడుగుతారు. కుర్రాళ్లయితే "ఫోనుంది కదండీ" అంటారు. అడిగినవాళ్ల తొందరను బట్టి నా జవాబు మారుతూ ఉంటుంది. "చేతికి పెట్టుకుంటే చెమటకి దురదండీ" అని చెప్పి తప్పించుకున్న సందర్భాలే ఎక్కువ. అదీ అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం అంత చిన్నది కాదు.

మా ఇల్లు నరసాపురంలో. మామగారు కూతురికిచ్చిన ఇల్లు. ఉద్యోగమేమో గోదావరి అవతల, సఖినేటిపల్లి దాటి అంతర్వేది వెళ్లే దారిలో ఒక ఊళ్లో. అప్పట్లో అది తూర్పుగోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ. 1996 నుంచి రిటైరయ్యేదాకా ఉదయం ఇవతలి జిల్లాలో టిఫిను, మధ్యాహ్నం అవతలి జిల్లాలో క్యారేజీ. మధ్యలో వశిష్ఠ గోదావరి. మాధవాయిపాలెం రేవులో బండిని పంటు ఎక్కించాలి, అవతల దించాలి. పంటు దాటిపోతే రేవులో నిలబడి నీళ్లు చూస్తూ కూర్చోవడమే. సాయంత్రం చివరి పంటు దాటిపోతే రాత్రి అవతలే. అలా రెండుసార్లు స్కూలు బల్లల మీద పడుకున్నాను.

చేతికి వాచీ ఉంటే చాలదా అనొచ్చు. వానాకాలంలో రెయిన్‌కోటు వేసుకుని బుల్లెట్ నడిపి చూడండి. వాచీ ఎడమచేతికి, కోటు చెయ్యి కింద. ఆ చెయ్యి క్లచ్ మీద. కోటు చెయ్యి పైకి లాగాలంటే కుడిచేతికి యాక్సిలరేటర్ వదలాలి. బురదలో, గోదావరి గట్టు మీద, ఆ పని ఒకసారి చేశాను. బండితో సహా తుప్పల్లోకి దిగాను. అప్పుడే అనుకున్నాను, టైము కళ్లెదురుగా ఉండాలని.

మొదటి గడియారం విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నాను. అంకెలు చూపించేది, అరవై రూపాయలు. వెనక రెండు వైపులా అంటుకునే టేపు. మూడు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఓరోజు ఎండకి టేపు జిగురు మెత్తబడి ఉంది కాబోలు, పంటు మీద నుంచి బండి దింపుతుంటే చెక్క మీద చిన్న కుదుపు, అంతే. గోదారమ్మకి కూడా టైము తెలియాలనుకుందేమో, టప్పున మింగేసింది.

రెండోది కూడా అలాంటిదే. ఈసారి తీగతో కట్టాను. అది ఊడలేదు కానీ, మిట్టమధ్యాహ్నం చూస్తే అద్దమంతా నల్లగా మసిబొగ్గు. పాడైందనుకుని తిట్టుకుంటూ ఇంటికొస్తే సాయంత్రం చల్లబడ్డాక అంకెలు మళ్లీ కనిపించాయి. అలాంటి తెరలో ఉండే ద్రవం మరీ వేడెక్కితే తన గుణం పోగొట్టుకుంటుంది, చల్లారితే మళ్లీ దారికొస్తుంది. నేను చెప్పేది భౌతికశాస్త్రం కాబట్టి ఈ విషయం పిల్లలకి పాఠంగా పనికొచ్చింది. నాకు మాత్రం మధ్యాహ్నం టైము తెలియలేదు. దానికి ఇంకో జబ్బు కూడా ఉండేది. బుల్లెట్ తెలుసుగా, ఒకటే సిలిండరు. ఇంజిన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే సెకనుకు పాతిక పేలుళ్లు. ఆ అదురుకి లోపలి బటన్ సెల్లు రేకు నుంచి వెంట్రుకవాసి జరిగేది. జరిగిన ప్రతిసారీ గడియారం మళ్లీ పన్నెండు గంటల నుంచి మొదలు. ఇంటి దగ్గర బయల్దేరితే పన్నెండు, రేవులో చూస్తే పన్నెండు.

మూడోది హైదరాబాద్ నుంచి తెప్పించాను. ముల్లులది, తళతళలాడే పూత, హ్యాండిల్‌కి బిగించే పట్టీ. మీద 'వాటర్ ప్రూఫ్' అని రాసుంది. నిజమే, ఒకసారి లోపలికెళ్లిన నీళ్లు బయటికి రాలేదు. శ్రావణమాసం అంతా అద్దం లోపల మంచు పట్టినట్టు ఆవిరి. కార్తీకానికి ముళ్లు తుప్పుపట్టాయి. సముద్రం దగ్గర కదా, గాలిలోనే ఉప్పుంటుంది.

ఈ మధ్యలో మా ఆవిడ లెక్క రాసింది. "ఏవండీ, ఇప్పటిదాకా గడియారాలకి పెట్టిన డబ్బుతో వంటింట్లో మిక్సీ వచ్చేది" అంది. నిజంగానే వచ్చేది.

నాలుగోది 2005లో చెన్నై వెళ్లిన మా తోడల్లుడు తెచ్చాడు. చూడగానే తెలిసిపోయింది, ఇది వేరే జాతి అని. దళసరి అద్దం, మూతకి రబ్బరు రింగు, పట్టీ లోపల రబ్బరు పొర, చీకట్లో వెలిగే ముళ్లు. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ గడియారం. వానకి తడిసింది, ఎండకి ఎండింది, పంటు మీద కుదుపులు తింది, ఆగలేదు. మొదటి ఏడాది రోజూ రేడియో వార్తల ముందు వచ్చే పిప్ పిప్‌లతో సరిచూసేవాణ్ని. ఎప్పుడో అయిదూ పది సెకన్ల తేడా. అప్పటికప్పుడు సరిచేసేవాణ్ని. రెండో ఏడాదికి వారానికోసారి చూడటం, తర్వాత నెలకోసారి. ఆపైన చూడటమే మానేశాను. నమ్మకం కుదిరిందన్నమాట.

నమ్మకం అంటే నాకొక్కడికే కాదు. పంటు మీద జనం "మాస్టారూ, టైమెంతండీ?" అని నన్నే అడిగేవాళ్లు. మా స్కూలు అటెండరు నా బండి దగ్గరికొచ్చి చూసి వెళ్లి గంట కొట్టేవాడు. నాకు గర్వంగా ఉండేది. గడియారం కొన్నవాడు తోడల్లుడు, చేసినవాడెవడో ఎక్కడో, గర్వం నాది!

ఇప్పుడు 2008 సంగతి.

ఆ ఏడాది మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం పూర్తిచేసింది. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాయాలి. సెంటరు భీమవరంలో ఒక కాలేజీ. పదింటికి పరీక్ష. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఆ నిబంధన గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఏటా పరీక్ష మర్నాడు పేపర్లో ఫొటోలు చూస్తూనే ఉంటాం, గేటు పట్టుకుని ఏడ్చే పిల్లలు, కాళ్లావేళ్లా పడే తల్లిదండ్రులు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నేను "గంట ముందు బయల్దేరడానికేం రోగం వీళ్లకి" అనేవాణ్ని. అక్షరాలా ఆ మాటే అనేవాణ్ని.

మేము గంట ముందే బయల్దేరాం. ఇంకా ముందే. నరసాపురం నుంచి భీమవరం ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. తొమ్మిదింబావుకల్లా అక్కడుంటే చెట్టుకింద కూర్చుని సూత్రాలు ఒకసారి తిరగేసుకోవచ్చని అమ్మాయి ఆశ. పాలకొల్లు దాటగానే వెనక టైరు పంక్చరు. బండి తోసుకుంటూ షాపు వెతుక్కుని, ట్యూబు మార్పించుకునేసరికి నలభై నిమిషాలు. అయినా నేను కంగారుపడలేదు. హ్యాండిల్ మీద గడియారం నిబ్బరంగా నడుస్తోంది. ఇంకా వ్యవధి ఉంది. ఆ తర్వాత రైల్వే గేటు. గూడ్సు బండి. దాని డబ్బాలు ఎన్నున్నాయో అమ్మాయి లెక్కపెడుతూ కూర్చుంది, భయం పోవడానికి అనుకుంటాను.

భీమవరం ఊళ్లోకి వచ్చాక అమ్మాయి నా భుజం తట్టింది.

"నాన్నా, నా వాచీలో తొమ్మిదీ యాభై ఏడు."

నేను కిందికి చూశాను. తొమ్మిదీ యాభై మూడు.

"నీది వంద రూపాయల వాచీ తల్లీ, ముందుంటుంది. దీని టైము తప్పదు."

"నిజంగానా?"

"మూడేళ్లుగా చూడట్లేదూ?"

అమ్మాయి ఇంకేం మాట్లాడలేదు. వాళ్లమ్మ పొద్దున్న బయల్దేరేటప్పుడు "దారిలో మావుళ్లమ్మ గుడి దగ్గర ఒక్క దణ్ణం పెట్టించండి" అని చెప్పింది. ఇంకా ఏడు నిమిషాలుంది, కాలేజీ అక్కణ్నుంచి రెండు మూడు నిమిషాల దూరం. గుడి ముందు బండి ఆపాను. అమ్మాయి దిగి, చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. రెండు నిమిషాలు.

కాలేజీ గేటు ముందు బండి ఆపేసరికి నా గడియారంలో తొమ్మిదీ యాభై ఎనిమిది. గేటు వేసేసి ఉంది. లోపల మెయిన్ బిల్డింగు మీద పెద్ద గడియారం. దాంట్లో పదీ రెండు. అమ్మాయి చేతి వాచీలోనూ పదీ రెండు.

అక్కడ ఏం జరిగిందో వివరంగా రాయలేను. మీరు ఫొటోల్లో చూసిందే. ఒక్క తేడా, మా అమ్మాయి ఏడవలేదు. నేను గేటు ఊచలు పట్టుకుని లోపలి మనిషిని బతిమాలుతున్నాను. "నేను మాస్టర్నండీ, మా గడియారం నాలుగు నిమిషాలు లేటుందండీ" అని ఏదేదో చెబుతున్నాను. అతను మర్యాదగానే "మా చేతుల్లో ఏంలేదు సార్" అన్నాడు. అతని తప్పేముంది? పక్కన ఇంకో ముగ్గురు పిల్లలున్నారు, వాళ్ల నాన్నలున్నారు. కాసేపటికి అమ్మాయే నా చొక్కా పట్టుకు లాగింది. "పద నాన్నా."

తిరుగుదారిలో నా వీపుకి తల ఆనించుకుని కూర్చుంది. పాలకొల్లులో "ఏమైనా తింటావా అమ్మా" అని అడిగాను. "ఇంటికెళ్దాం" అంది.

ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆవిడ మా మొహాలు చూసి గుమ్మంలోనే చతికిలబడింది. ఏమైంది, ఏమైంది అని అడుగుతోంది. నేను నోరు తెరిచేలోపు అమ్మాయి చెప్పేసింది.

"రైల్వే గేటు పడిందమ్మా. చాలాసేపు తియ్యలేదు."

నేను నోరు మూసుకున్నాను. పదిహేడేళ్ల పిల్ల నన్ను కాపాడింది, యాభై దాటిన నేను ఆ నీడలో నిలబడ్డాను. మా ఆవిడ రైల్వేవాళ్లని తిడుతుంటే కూడా కాదని అనలేదు. మర్నాడు పేపరొచ్చింది. ముందు లోపలి పేజీలు తిప్పాను, గేటు దగ్గరి ఫొటోలో నేనున్నానేమోనని.

ఆ వారమే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. గడియారం ఆగలేదు, సెల్లు అయిపోలేదు. నాలుగు నిమిషాలు ఎలా వెనకబడింది? సంక్రాంతి సెలవుల్లో సెల్లు మార్పించి రేడియోతో సరిపెట్టినట్టు గుర్తుంది. అంటే నాలుగు నెలలు. నాలుగు నెలల్లో నాలుగు నిమిషాలంటే రోజుకు రెండు సెకన్లు. రోజుకు రెండు సెకన్లు ఎవరికి కనబడతాయి?

క్వార్ట్జ్ గడియారం లోపల ఒక స్ఫటికం ముక్క ఉంటుంది, శ్రుతిదండం ఆకారంలో. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ లెక్క పెట్టుకునే ముల్లు కదులుతుంది. ఇది నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన ముక్కే. చెప్పని ముక్క ఇంకోటుంది. ఆ స్ఫటికం సరిగ్గా కంపించేది పాతిక డిగ్రీల దగ్గర, అంటే మనిషి మణికట్టు మీదో గదిలోనో ఉన్నప్పుడు. అంతకంటే వేడెక్కినా నెమ్మదిస్తుంది, చల్లబడినా నెమ్మదిస్తుంది. అరవై డిగ్రీలకు వెళ్తే ఆ వేడి ఉన్నంతసేపు రోజుకు మూడు నాలుగు సెకన్ల చొప్పున వెనకబడుతుంది. చౌకరకం యంత్రానికి దాని సొంత లోపం మరో సెకను.

మరి నా గడియారానికి అరవై డిగ్రీలు ఎక్కణ్నుంచి వచ్చాయి? ఇది చెబితే నవ్వుతారు. మా స్కూలు ఆవరణ నిండా కొబ్బరిచెట్లే. నీడకేం కొదవలేదు. కానీ కొబ్బరిచెట్టు కింద బండి పెడితే ఎప్పుడు కాయ పడుతుందో, ఎప్పుడు మట్ట పడుతుందో. ఒకసారి మా లెక్కల మాస్టారి స్కూటర్ మీద కాయ పడి హెడ్‌లైటు పగిలింది. అప్పట్నుంచి నేను బుల్లెట్‌ని ఆవరణ మధ్యలో, పూర్తి ఎండలో పెట్టేవాణ్ని. నల్ల డయలు, దళసరి అద్దం. పెట్టెలో పెట్టి వండినట్టే. వానకీ అదురుకీ తట్టుకుందని మురిసిపోయాను కానీ ఎండ మాటే ఆలోచించలేదు.

అనుమానం తీరక, ఒకే రకం టైంపీసులు రెండు కొన్నాను. రేడియోతో రెండూ కలిపి, ఒకటి ఇంట్లో బీరువా మీద, ఇంకోటి డాబా మీద రేకు డబ్బాలో పెట్టాను. నెల తర్వాత చూస్తే ఇంట్లోది అయిదారు సెకన్లు ముందుంది. డాబా మీదది దాదాపు అర నిమిషం వెనక. తరగతిలో అయితే చప్పట్లు కొట్టించుకోవాల్సిన ప్రయోగం. డాబా మీద ఒక్కణ్నే నిలబడి ఆ రెండూ చేతిలో పట్టుకుని చూశాను. మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది.

ఆ నాలుగు నెలలూ మా స్కూలు గంట కూడా వెనకబడే మోగి ఉండాలి. ఎవరికీ పట్టలేదు. పంటు అంటారా, అది గడియారం చూసి కదలదు, జనం నిండితే కదులుతుంది. నాలుగు నిమిషాలకి విలువున్న చోటికి నేను వెళ్లింది ఆ ఒక్కరోజే.

నరసాపురంలో వాచీలు బాగుచేసే సాయిబుగారొకరు ఉండేవారు. కంటికి భూతద్దం తగిలించుకుని తలెత్తకుండా మాట్లాడేవారు. ఆయన దగ్గరికెళ్లి, ఎండకి చెడని గడియారం కావాలని అడిగాను. కథంతా చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో చెప్పనిది ఆయనకి చెప్పాను. ఆయన భూతద్దం తీసి నా మొహం చూశారు.

"ఆగిపోయే వాచీ మంచిది మాస్టరుగారూ. ఆగిపోయానని చెబుతుంది. మీరు కీ ఇచ్చేది పెట్టుకోండి."

"కీ వాచీ క్వార్ట్జ్ కంటే నయమా?"

"కాదు. రోజుకి ఇరవై సెకన్లు తేడా రావొచ్చు. కానీ రోజూ మీరు దాన్ని ముట్టుకోవాలి. ముట్టుకున్నప్పుడు టైము కూడా చూసుకుంటారు గదా."

సైన్సు మాస్టర్ని, ఈ మాట నాకు తట్టలేదు. రోజుకు ఇరవై సెకన్లు తప్పే వాచీని రోజూ సరిచేస్తే ఏనాడూ అర నిమిషం దాటి తప్పదు. రోజుకు రెండు సెకన్లే తప్పేదాన్ని నాలుగు నెలలు పట్టించుకోకపోతే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది.

కీ వాచీ మా ఇంట్లోనే ఉంది. 1983లో మా పెళ్లికి మామగారు పెట్టిన హెచ్ఎంటీ జనతా. పదిహేడు రాళ్లు, డయలు మీద పారాషాక్ అని రాత. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైన ఆ ఫ్యాక్టరీ వాచీలు మా తరం పెళ్లికొడుకుల మణికట్ల మీద ఎన్నో. కొంత కాలం పెట్టుకుని, సెల్లు వాచీలు వచ్చాక బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టేశాం. (2016లో ఆ వాచీల సంస్థను మూసేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు పేపర్లో ఆ వార్త కత్తిరించి దాచుకున్నాను.)

ఆ వాచీ ఇమ్మంటే మా ఆవిడ ససేమిరా అంది. "మా నాన్న పెట్టిన వాచీని తీసుకెళ్లి బండికి కడతారా? మీకేమైనా మతిపోయిందా?" మామగారు పోయి అప్పటికి ఆరేళ్లు. ఆమె బాధ నాకు అర్థమైంది. ఇంకో మార్గం లేక అప్పుడు చెప్పాను. రైల్వే గేటు కాదని, అమ్మాయి నాకు టైము చెప్పిందని, నేను వినలేదని, గుడి దగ్గర ఆగానని.

ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. లేచి వంటింట్లోకి వెళ్లింది. రాత్రి భోజనం పెట్టింది, మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న నా చొక్కా జేబులో వాచీ ఉంది. రుమాల్లో చుట్టి.

తర్వాత పని సాయిబుగారిది, రేవు దగ్గర లాంచీల ఇంజిన్లు బాగుచేసే లేత్ మేస్త్రిది. మేస్త్రి ఇత్తడితో ఒక గిన్నె తిప్పి ఇచ్చాడు. దానికి మరచెంబు మూతలా తిప్పితే ఊడొచ్చే మూత, మూతకి అద్దం, మధ్యలో రబ్బరు రింగు, రింగుకి పల్చగా గ్రీజు. అసలు చిక్కు అదురు. ఈ వాచీ లోపలి చక్రం సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటుంది. దాన్ని సెకనుకు పాతికసార్లు పేలే ఇంజిన్ మీద కూర్చోబెడుతున్నాం. మొదటి రోజే నిమిషంన్నర తేడా. గిన్నె కింద సైకిల్ ట్యూబు ముక్కలు వేశాం, లాభం లేదు. కుర్చీ కాళ్ల బుష్‌లు వేశాం, మరీ గట్టి. చివరికి ఎవరో పిల్లాడి పాత హవాయి చెప్పు కోసి గిన్నె లోపల చుట్టూ దట్టిస్తే కుదిరింది. ఆ మెత్తటి రబ్బరు అదురుని మింగేసింది. రెండు నెలలకోసారి గట్టిపడుతుంది, మార్చాలి. మా ఇంట్లో హవాయి చెప్పులు పారెయ్యం. పైన తాటాకు ముక్కతో చిన్న గొడుగులాంటిది అల్లించాను, బండి ఎండలో ఉన్నప్పుడు వేయడానికి. కీ వాచీని కూడా ఎండలో వేయించడం ఎందుకని. అది చూసి పంటు మీద అందరూ నవ్వేవాళ్లు, వాచీకి గొడుగేంటని.

అప్పట్నుంచి ఒకటే పద్ధతి. ఉదయం రేడియో పెట్టుకుని బండి దగ్గర నిలబడతాను. మూత తిప్పుతాను, వాచీ తీస్తాను, కీ ఇస్తాను. పిప్ పిప్ రాగానే ముల్లు సరిచేస్తాను. మూత బిగిస్తాను. ఏ ఊరికైనా వెళ్లి మర్చిపోతే మర్నాడు వాచీ ఆగిపోయి ఉంటుంది, సాయిబుగారు చెప్పినట్టే. 2011లో ఒకసారి స్ప్రింగు తెగింది. అదొక్కటే పెద్ద రిపేరు.

అమ్మాయి మళ్లీ ఎంట్రన్స్ రాయలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపిస్తానన్నాను. "వద్దు నాన్నా, బీఎస్సీ చదువుతా" అంది. చదివింది, బ్యాంకు పరీక్ష రాసింది, ఇప్పుడు రాజమండ్రిలో ఉద్యోగం. ఇంజినీరయి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు. అదేమీ పెద్ద నష్టం కాదని తను చాలాసార్లు చెప్పింది. నేను అడక్కుండానే చెప్పింది, అదే నాకు గుచ్చుకుంటుంది. ఒకటి మాత్రం గమనించాను. ఆ రోజు తర్వాత ఆ పిల్ల నన్నెప్పుడూ టైమెంత అని అడగలేదు. గోడ మీద చూసుకుంటుంది, చేతికి చూసుకుంటుంది, ఫోన్లో చూసుకుంటుంది.

2021లో వచ్చినప్పుడు హ్యాండిల్‌కి ఫోను బిగించే స్టాండు తెచ్చింది. "ఇంక ఆ గిన్నె తీసెయ్ నాన్నా, దీంట్లో టైము సెకను తప్పదు" అంది. నిజమే, ఫోను తన టైముని నెట్‌వర్కు నుంచి తనే సరిచేసుకుంటుంది. ఇప్పుడొచ్చే బళ్లలో మీటరులోనే గడియారం కూడా ఉంటోంది. స్టాండు బిగించాం. కొన్నాళ్లకి తనే ఫోన్ చేసి తీసెయ్యమంది. పెద్ద మోటార్‌సైకిళ్ల ఇంజిన్ల అదురుకి ఫోన్ కెమెరా పాడయ్యే ప్రమాదముందని యాపిల్ కంపెనీయే హెచ్చరించిందట. నా ఫోను ఆ కంపెనీది కాదు, నేను ఫొటోలూ తియ్యను. అయినా తీసేశాను. హవాయి చెప్పు సంగతి వాళ్లకి తెలియదు పాపం అన్నాను. నవ్వింది.

మొన్న వేసవి సెలవులకి మనవణ్ని తీసుకుని వచ్చింది. వెళ్లేరోజు సాయంత్రం స్టేషనుకి బుల్లెట్ మీదే బయల్దేరాం. మనవడు ముందు ట్యాంకు మీద, అమ్మాయి వెనక, ఒళ్లో సంచి. వాడు అప్పుడప్పుడే ముళ్లు చూసి టైము చెప్పడం నేర్చుకుంటున్నాడు. ఇత్తడి గిన్నె మీద చెయ్యి వేసి అడిగాడు.

"తాతయ్యా, పెద్దముల్లు ఎనిమిది మీదుంది. టైమెంత?"

"అయిదూ నలభై నాన్నా."

వెనక నుంచి వినిపించింది. "అయిదూ నలభై ఒకటి."

బండి పక్కకి తీసి ఆపాను. మూత తిప్పాను. వాచీ బయటికి తీసి, ముల్లు ఒక్క నిమిషం ముందుకి జరిపాను. వెనక్కి తిరిగి చూపించాను. అమ్మాయి తన మణికట్టు దాని పక్కన పెట్టి చూసింది.

"ఆ, ఇప్పుడు సరిపోయింది. పద నాన్నా, ట్రైనుకి ఇంకా నలభై నిమిషాలుంది" అంది.